ప్లైవుడ్ గోడకు పూసిన పూలు

ఈ దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఆంటీ, మన చదువులకి ఇక్కడ విలువ ఇస్తారా?" అని. ఎందుకివ్వరు నాన్నా. నా చదువుకైతే మొదటి ఇంటర్వ్యూలోనే ఇచ్చారు.

నేను కోస్తాలో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మావారి ఉద్యోగం కోసం ఆక్లాండ్ వచ్చి, ఊరికి తూర్పున బోటనీ డౌన్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ దగ్గర్లోనే పెద్ద మొక్కల షాపు ఒకటుండేది. గార్డెన్ సెంటర్ అంటారు. ఉద్యోగానికి వెళితే అక్కడి మేనేజరు నా కాగితాల మీద 'ఎమ్మెస్సీ బాటనీ' అని చూసి, "ఓ, మీరూ బోటనీలోనే ఉంటారా? ఏ వీధి?" అని సంతోషంగా అడిగాడు. వీధి పేరు చెప్పాను. నడిచి రాగలనని తేలింది కాబట్టి ఉద్యోగం ఇచ్చాడు. అలా నా డిగ్రీ పనికొచ్చింది.

పని కష్టమేం కాదు. పొద్దున్నే పైపుతో నీళ్ళు పెట్టడం, బరువులు మొయ్యడం, ఎండిన ఆకులు గిల్లడం, అడిగినవాళ్ళకు టాయిలెట్ ఎటుందో చెప్పడం. వేరు నీళ్ళెలా పీల్చుకుంటుందో ఏళ్ళ తరబడి పిల్లలకు బోర్డు మీద గీసి చూపించినదాన్ని, టాయిలెట్ విషయంలో మాత్రం బోర్డు లేకుండానే చెప్పగలిగేంత ప్రావీణ్యం సంపాదించాను.

మేనేజరు కుర్రాడే. మా దగ్గరికి రాకముందు బూట్ల షాపు నడిపాడట. మొక్కల్ని కూడా బూట్లలాగే చూసేవాడు. మెరిసేవి ముందు వరసలో, మిగతావి వెనక గదిలో. మనిషి చెడ్డవాడని నేననను. నవ్వుతూ పలకరించేవాడు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని కేకు తెప్పించేవాడు. మొక్కలకు ప్రాణం ఉంటుందన్న ఒక్క విషయం ఆయనకెవరూ చెప్పలేదు, అంతే.

నాతోపాటు మొక్కల సెక్షన్‌లో ఇంకో ఆవిడ ఉండేది. దక్షిణాన ఆ చివర ఇన్వర్‌కార్గిల్ అనే చలి ఊరు ఆవిడది. ఆ ఊరివాళ్ళు 'ర' అక్షరాన్ని రాయి దొర్లినట్టు పలుకుతారు. నేను చేరిన కొత్తలో ఆవిడకు నేనంటే గిట్టేది కాదు. నేను ప్రతి మొక్కనీ లాటిన్ పేరుతో పిలిచేదాన్ని. ఆవిడ మాత్రం "ఆ నీలంది", "ఈ బుల్లిది", "ఎప్పుడూ చచ్చేది" అనేది. చాలాకాలం ఒకళ్ళు చెప్పేది ఒకళ్ళకు అర్థం కాకుండానే కలిసి నీళ్ళు పెట్టాం. టీ తాగే విరామాన్ని అక్కడ స్మోకో అంటారు. ఒకరోజు స్మోకోలో ఆవిడ తన బిస్కెట్ల డబ్బా నావైపు జరిపింది. దాంతో సంధి కుదిరింది.

ఇక గోడ సంగతి. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల దిబ్బలన్నీ కోసి కొత్త ఇళ్ళు కడుతున్నారు. కోసిన చోట మట్టి ఇంటిమీదికి జారకుండా పెరట్లో గోడ నిలబెట్టాలి. కాస్త సరదా ఉన్నవాళ్ళు సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ కట్టించుకునేవాళ్ళు. అలాంటి గోడకు రాళ్ళ మధ్య సందులుంటాయి. వానపడితే వెనక మట్టిలో చేరిన నీళ్ళు ఆ సందుల్లోంచి బయటికి పోతాయి, గోడ మీద బరువు పడదు. అయితే ఇల్లు కొత్తది, గోడ కొత్తది, సందులు మాత్రం బోసిగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాటిలో ఏం నాటాలి అని రోజూ ఎవరో ఒకరు వచ్చి అడిగేవాళ్ళు.

మేనేజరుకు ఇందులో అవకాశం కనిపించింది. షాపు గుమ్మం దగ్గరే ఒక నమూనా గోడ కట్టిద్దామన్నాడు. సందుల్లోకి మొక్కలు ఎంపిక చేసే బాధ్యత నాకిచ్చాడు. "నువ్వు చదువుకున్నావు కదా" అన్నాడు. ఎవరు చెప్పారో ఏమో మరి.

నేను పొంగిపోయాను. వారంపాటు ఆలోచించి ఎంపిక చేశాను. రాళ్ళ సందులో ఉండేది గుప్పెడు మట్టి, ఎండాకాలం ఆ రాయి పెనంలా కాలుతుంది. అక్కడ బతికే మొక్కకు తక్కువ తిండి, తక్కువ నీళ్ళు సరిపోవాలి, మొండితనం ఉండాలి. పాకే థైమ్, ఆకులోనే నీళ్ళు దాచుకునే సీడమ్, రాయి మీద బిగుసుకుని కూచునే హౌస్‌లీక్, అడుగున తడి ఉన్నచోటికి తెల్లటి చిన్నపూలు పూసే ఇక్కడి నేల తీగ ఒకటి. అన్నీ ట్రేలో పెట్టి చూపించాను.

మేనేజరు ట్రే చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఇవి బతికే ఉన్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి. అక్కడ బతికేవి ఇవే."

"బతికుండటం వేరు, బతికున్నట్టు కనిపించడం వేరు. మనకు రంగు కావాలి" అన్నాడు.

రంగు వచ్చింది. ముందు వైపు అందమైన నల్లరాయి పలకలు, వెనక ప్లైవుడ్. పలకల మధ్య కుండీ పట్టేంత కన్నాలు. వాటిలోకి పాన్సీలు, లొబీలియాలు, ప్రిమ్‌రోజులు కుండీలతో సహా దూర్చడం. అన్నీ రోజూ నీళ్ళు తాగేవి, మెత్తటి మట్టిలో తప్ప ఉండలేనివి. వారం తిరిగేసరికి వాడిపోయేవి. శుక్రవారం సాయంత్రం నేనూ ఇన్వర్‌కార్గిల్ ఆవిడా గోడ వెనక్కి వెళ్ళి, వాడినవి లాగేసి, కొత్తవి దూర్చేవాళ్ళం. శనివారం పొద్దున్నకి గోడ కళకళ్ళాడేది. జనం ఫొటోలు తీసుకునేవాళ్ళు. వెనక్కి ఎవరూ రాకుండా తాడు కట్టి, 'సిబ్బందికి మాత్రమే' అని బోర్డు పెట్టారు. మేం నాటకం కంపెనీలో చేరామనే సంగతి మాకూ ఆలస్యంగా తెలిసింది.

ఆ వసంతంలో, అంటే ఇక్కడి సెప్టెంబరులో, ఒక తెలుగమ్మాయి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా ఏప్రన్ మీద పేరు చూసి ఆగింది.

"మీరు తెలుగువాళ్ళా ఆంటీ? మాది తెనాలి దగ్గర. ఈ పై వీధిలో ఇల్లు కట్టుకున్నాం. పెరట్లో రాళ్ళ గోడ పెట్టించాను. మా ఆయనకిష్టం లేదు, కాంక్రీటు దిమ్మెలు పెడితే పనైపోయేది కదా అంటాడు. నేనే పట్టుబట్టాను."

"ఎందుకమ్మా అంత పట్టుదల?"

"నేను నిద్రలేచేసరికి మధ్యాహ్నం అవుతుంది ఆంటీ. లేచి టీ పెట్టుకుంటే వంటింటి కిటికీలోంచి కనపడేది ఆ గోడొక్కటే. అదైనా బావుండాలి కదా."

నేను ఆ అమ్మాయిని వెనక షెడ్డులోకి తీసుకెళ్ళి నా ట్రే చూపించాను. వంగి చూసింది. ముఖం చిన్నబోయింది.

"ఎండిపోయినట్టున్నాయే ఆంటీ."

"అవలాగే ఉంటాయమ్మా. పూసే కాలానికి పూస్తాయి. ముందు వేరు పట్టాలి."

"వద్దాంటీ, గుమ్మం దగ్గర గోడ మీదున్నవే ఇవ్వండి. క్రిస్మస్‌కి మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. పాస్టరుగారొస్తారు, చర్చివాళ్ళంతా వస్తారు."

"ఆ గోడ సంగతి వేరమ్మా" అని మొదలుపెట్టానో లేదో మేనేజరు ప్రత్యక్షమయ్యాడు. అమ్మకం ఎక్కడ జరగబోతోందో ఆయనకు గాలిలో తెలిసేది. క్షణంలో ఆ అమ్మాయి ట్రాలీ నిండా పాన్సీలు పేర్చాడు. తర్వాత ఇండియన్ సరుకుల షాపులో తెలిసినావిడ ఒకరు నాతో అన్నారు, "అమ్ముడుపోని మొక్కలు అంటగట్టబోయారంట కదా?" అని. నా నిపుణత అప్పుడే ఊళ్ళో పాకింది.

అక్టోబరు చివర లేబర్ వీకెండ్ వస్తుంది. దేశమంతా మూడురోజులు సెలవు పెట్టుకుని మట్టి తవ్వుతుంది. ఆ రద్దీలో నర్సమ్మాయి మళ్ళీ వచ్చింది, అట్టపెట్టెలో చచ్చిన మొక్కలతో. మేనేజరు చిరునవ్వు చెదరకుండా అన్నిటికీ బదులు కొత్త మొక్కలు ఇచ్చేశాడు. "ప్రేమగా చూడండి, నీళ్ళు పెట్టండి" అని సలహా కూడా ఇచ్చాడు. ఆయన పక్కనుండగానే నేను తెలుగులో, "అమ్మా, ఒకసారి ఆ గోడ వెనక్కి వెళ్ళి చూసి రా" అన్నాను. ఆ అమ్మాయి అటు వెళ్ళింది. తాడు దగ్గర బోర్డు చదివి వెనక్కి వచ్చేసింది. ఆస్పత్రిలో పనిచేసే మనిషి, బోర్డు చూస్తే ఆగిపోతుంది. మనదేశంలో అయితే బోర్డు ఉందంటేనే వెళ్ళి చూసేవాళ్ళం.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ ముందు శనివారం. మేనేజరు నమూనా గోడ ముందు ఒక క్లాసు ఏర్పాటు చేశాడు. నెత్తిన శాంటా టోపీ, చెవికి మైకు. కాఫీ కప్పులు పట్టుకుని జనం బాగానే చేరారు. నన్ను పక్కన నిలబెట్టాడు, అడిగినప్పుడల్లా కుండీలు అందించడానికి.

క్లాసు మధ్యలో నర్సమ్మాయి వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది, చేతిలో మళ్ళీ అట్టపెట్టె. పక్కన వాళ్ళ అత్తగారు. నేత చీర మీద స్వెట్టరు, కాళ్ళకు కొడుకు కొనిచ్చిన తెల్ల బూట్లు. చుట్టపుచూపుగా విజిటర్ వీసా మీద వచ్చి ఉందావిడ. ఆ అత్తాకోడళ్ళకు సరిగ్గా మాటల్లేవని నాకప్పటికే తెలుసు. కోడలు పగలు పడుకుంటుంది, ఈవిడ పగలు మేలుకుంటుంది. "పట్టపగలు పడుకుని నిద్రపోయే కోడల్ని ఇక్కడే చూశాను" అని తెనాలిలో చుట్టాలందరికీ ఫోన్లో చెప్పిందట. ఆ రోజు ఒక్కతీ ఇంట్లో ఉండలేక కారులో వెంట వచ్చింది. నన్ను చూసి "వందనాలమ్మా" అంది.

నర్సమ్మాయి చెయ్యెత్తింది. గొంతు పెంచకుండా ఇంగ్లీషులో అడిగింది. "నేను రెండుసార్లు ఇవే తీసుకెళ్ళాను. మీరు చెప్పినట్టే నాటాను. రెండుసార్లూ చచ్చిపోయాయి. ఇక్కడివి ఎలా బతికున్నాయి?"

మేనేజరు తల పంకించాడు. "కొంతమందికి మొక్కల చెయ్యి ఉంటుంది, కొంతమందికి ఉండదు. మీ దేశంలో వాతావరణం వేరు కదా, అలవాటు పడటానికి టైం పడుతుంది" అన్నాడు.

"మా గోడ బోటనీ డౌన్స్‌లోనే ఉందండీ" అంది ఆ అమ్మాయి.

నలుగురు నవ్వారు. ఇలా వీళ్ళు మాట్లాడుకుంటుండగా అత్తగారు గోడ దగ్గరికి వెళ్ళింది. ఇంగ్లీషు రాదు కాబట్టి బోర్డులేవీ ఆవిడకు అడ్డం కాలేదు. వాడిపోయిన పాన్సీ పువ్వొకటి కనిపిస్తే అలవాటుగా గిల్లబోయింది. గిల్లితే మొక్క మొత్తం చేతిలోకి వచ్చింది. నల్ల ప్లాస్టిక్ కుండీతో సహా, దానిమీద రేటు స్టిక్కరుతో సహా. ఆవిడ కన్నంలోంచి లోపలికి తొంగి చూసింది. అవతల వెలుతురు, ప్లైవుడ్డు, మేం వదిలేసిన బకెట్టు కనిపించి ఉంటాయి. కుండీ పట్టుకుని జనంవైపు తిరిగి తాపీగా ఒక మాట అంది.

"పెళ్ళిపందిట్లో కట్టిన అరటిబోదెల్లాగున్నాయే ఇవి."

మేనేజరు మైకు చేత్తో మూసి నావైపు వంగాడు. "ఆవిడ ఏమంటోంది?"

పిల్లలూ, మీ ఉద్యోగ జీవితంలో ఇలాంటి ఘడియ ఒకటి వస్తుంది. అది గంట కొట్టి రాదు, శాంటా టోపీ పెట్టుకుని వస్తుంది. "ఏమీ లేదండీ, బావుందంటోంది" అంటే చాలు. నాకు ప్లాంట్ అడ్వైజర్ అనే బ్యాడ్జి ఇస్తానని ఆయన ఆ వారమే మాటిచ్చి ఉన్నాడు. నేను నర్సమ్మాయి మొహం చూశాను. కోపం కూడా లేదు. రాత్రంతా మేలుకున్న అలసట ఒక్కటే ఉంది, చేతిలో ఆ పెట్టె ఉంది.

ఇంగ్లీషులో అందరికీ వినపడేలా చెప్పాను. "మా వైపు పెళ్ళిళ్ళకు అరటిచెట్లు నరికి తెచ్చి గుమ్మానికి అటూ ఇటూ కడతారు. పెళ్ళి అయ్యేదాకా పచ్చగానే ఉంటాయి. వాటికి వేరుండదు, గెల వేస్తాయని ఎవరూ చూడరు. మీ గోడ అలా ఉందంటోంది."

ముందు వరసలో ఒక పెద్దాయన గురక పెట్టినట్టు నవ్వాడు. పక్కనున్నావిడ చెయ్యి చాచి ఇంకో మొక్క లాగింది. అదీ కుండీతో వచ్చింది. "ఇది డిస్‌ప్లే. స్ఫూర్తి కోసం పెట్టింది" అని మేనేజరు మైకులో చెబుతుండగానే, ఇన్వర్‌కార్గిల్ ఆవిడ ఎక్కడినుంచో వచ్చి, గోడ వెనక కట్టిన తాడు విప్పి, చుట్టగా చుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. జనం వరసగా వెనక్కి వెళ్ళి చూసి వచ్చారు. తర్వాత విచారణలో తాడెందుకు తీశావని అడిగితే, "మురికిగా ఉంది, ఉతుకుదామని" అందట.

"మరి ఏం నాటాలి?" అని ఆ నవ్విన పెద్దాయన అడిగాడు, మేనేజరుని కాదు, నన్ను. షెడ్డులోంచి నా ట్రే తెచ్చాను. మధ్యాహ్నానికి అందులోని బూడిదరంగు మొక్కలన్నీ అమ్ముడుపోయాయి. అందుకు ప్రతిఫలంగా సోమవారం నన్ను పిలిచి, నా మాటలు 'షాపు స్వభావానికి సరిపోవ'ని చెప్పి, బస్తాల సెక్షన్‌కి మార్చారు. ఎరువు, కంకర, చెక్కపొట్టు బస్తాలు. మొక్కల గురించి కస్టమర్లతో మాట్లాడే పని అక్కడ ఉండదు. ఆ మరుసటి నెల షాపులో కొత్త బోర్డు వెలిసింది: 'గోడలకు మొండి మొక్కలు, మా మేనేజరు ప్రత్యేక ఎంపిక'. అవి ఎంత బాగా అమ్ముడుపోయాయంటే, ఆయనకు ప్రమోషనిచ్చి టౌరంగాలో ఇంకా పెద్ద షాపుకి పంపించారు. మేమందరం కేకు కోశాం. నేను పెద్ద ముక్కే తిన్నాను.

నర్సమ్మాయి క్రిస్మస్ ప్రార్థన కూటానికి గోడ బోసిగానే ఉండిపోయింది. వాళ్ళాయన దానిమీద రంగుల లైట్లు వేలాడదీశాడు. అందరూ మెచ్చుకున్నారట.

కథ ఇక్కడితో అయిపోతే నాకు బస్తాలే మిగిలేవి. ఏప్రిల్లో వానలు మొదలయ్యాక ఒకరోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, సందుల్లోంచి మట్టి కారి పెరడంతా బురదవుతోంది. మా ఆయన సిమెంటు పూయించేస్తానంటున్నాడు. ఆదివారం మనిషొస్తాడు. మీరొకసారి రాగలరా?"

వెళ్ళాను. ఇన్వర్‌కార్గిల్ ఆవిడ కూడా వస్తానంది. ఎందుకని అడిగితే, ఆ అరటిబోదెలావిడని చూడాలంది. కారు డిక్కీలో థైమ్, సీడమ్ చిన్న చిన్న పిలకలు వేసుకుని వెళ్ళాం. నాటాల్సింది చలి ముందు, వానల్లో. మేనేజరు అమ్మిన వసంతంలో కాదు.

వాళ్ళాయన కంప్యూటర్ ఉద్యోగి, మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చి మరీ వాదించాడు. "ఒక్కసారి సీల్ చేసేస్తే లైఫ్‌లాంగ్ టెన్షన్ ఉండదాంటీ. ఈ మొక్కల గోల మనకెందుకు?"

"సందులు మూస్తే వాన నీళ్ళు ఎటు పోతాయి బాబూ? వెనకే నిలబడి గోడని తోస్తాయి."

"కింద డ్రైనేజ్ పైపు ఉందాంటీ. నేను నెట్‌లో చదివాను."

"నేను బాటనీలో చదివాను" అన్నాను. ఏ వీధి అని ఆయన అడగలేదు గానీ, నమ్మినట్టూ కనిపించలేదు. రెండుసార్లు చచ్చిన మొక్కలు కోడలు పిల్ల నోరు కట్టేశాయి. సిమెంటు మనిషి వ్యాన్ వీధిలో ఆగిన చప్పుడైంది.

అప్పటిదాకా మూల కుర్చీలో కూచున్న అత్తగారు లేచింది. "ఒరే, ఆ మనిషిని వెళ్ళిపొమ్మను" అంది కొడుకుతో.

"నువ్వూరుకోమ్మా. నీకు తెలీదు."

"గోడ సంగతి నాకు తెలీదు. ఆ పిల్ల సంగతి తెలుసు. నువ్వు నిద్రపోయేటప్పుడు వెళ్తది, నువ్వు లేచేటప్పుడు వస్తది. అలా వెళ్ళి కట్టించుకుంది ఆ గోడ. దానికేం కావాలో అదే చేసుకుంటది."

ఆవిడ కోడలి వైపు చూడకుండానే అంది ఈ మాట. కోడలు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. సిమెంటు మనిషి కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ళం గోడ మీద పడ్డాం. పిలకని అడ్డంగా పడుకోబెట్టి, తడి మట్టిని ముద్దచేసి, వెనకున్న దిబ్బ మట్టికి తగిలేదాకా వేలితో కూరాలి. అప్పుడే వేరు లోపలికి దారి వెతుక్కుంటుంది. పైన చిన్న రాతిముక్క బిగించాలి, మట్టి జారకుండా. చెప్పడానికి ఇంతే. అత్తగారూ ఇన్వర్‌కార్గిల్ ఆవిడా పక్కపక్కన చేరారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ తెనాలి తెలుగులో, ఈవిడ దొర్లే 'ర'లతో, ఒకరి పని ఒకరు తప్పుపట్టుకుంటూ సాయంత్రం దాకా హాయిగా గడిపారు. ఎవరూ చూడనప్పుడు అత్తగారు కొంగులోంచి ధనియాలూ మెంతులూ తీసి సందుల్లో పోసిందని తర్వాత తెలిసింది. అవేవీ బతకలేదు. అడుగున గుచ్చిన పుదీనా మాత్రం బతికి, పెరడంతా ఆక్రమించి, ఆ ఇంట్లో ప్రతి కూరలోనూ పడింది.

నా ఘనకార్యం కూడా చెప్పాలి కదా. గోడ ఉత్తరం వైపు చల్లగా ఉంటుందని, ఆ భాగమంతా నీడలో పెరిగే ఫెర్న్‌లు నాటించాను. మన దేశంలో అది సరే. భూమికి ఈ అడుగున ఎండ వచ్చేదే ఉత్తరం నుంచి. ఆ సంగతి పుస్తకంలో తెలుసు, పాఠం చెప్పాను, పరీక్షల్లో ప్రశ్న కూడా ఇచ్చాను. చేతులకు మాత్రం తెలియలేదు. ఇన్వర్‌కార్గిల్ ఆవిడ ఆ వైపు పని చెయ్యలేదు గానీ, చేసినా "ఆ ఆకులవి" అని ఊరుకునేదేమో. ఫెర్న్‌లు వేసవి రాకముందే అప్పడాల్లా వేగాయి. వాటి చోట సీడమ్ పెట్టాం.

నాటిన కొన్ని వారాలకు పక్కింటి గోడ నుంచి ఎవరూ నాటని మొక్కొకటి వచ్చి సందుల్లో మొలిచింది. తెలుపూ గులాబీ కలిసిన చేమంతి లాంటి చిన్న పూలు. ఏ సేవా అక్కర్లేకుండా గుబురుగా అల్లుకుంటోంది. చూడటానికి వెళ్ళి, నేను దాన్ని వేళ్ళతో సహా పీకడం మొదలుపెట్టాను. అత్తగారు పరుగున వచ్చింది.

"ఇంత బాగా బతుకుతున్నదాన్ని పీకేస్తావేంటమ్మా?"

"ఇది పెంచకూడదని ఇక్కడ రూలుందమ్మా. బయటి దేశం నుంచి వచ్చింది. మరీ బాగా బతికేసి, ఇక్కడివాటికి చోటు లేకుండా చేస్తోందట."

ఆవిడ కోడలి వైపు తిరిగి, "నా వీసా ఎప్పటిదాకా?" అని అడిగింది.

చలికాలంలో, అంటే ఇక్కడి జూలైలో, ఆవిడ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో కోడలికి ఏవో అప్పగింతలు పెట్టిందట, అన్నీ గోడ గురించే. ఆ తర్వాత వారానికోసారి ఫోన్. అదివరకు ఫోనొస్తే మొగుడికిచ్చి వెళ్ళిపోయే అమ్మాయి, ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి, పై వరసలో ఏది చిగురేసిందో, ఏది చచ్చిందో చెప్పేది. చచ్చినదానికి ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. నీళ్ళెక్కువ పోశావని ఆవిడ, మీరు నాటిందే సరిగ్గా లేదని ఈ అమ్మాయి. మాటల్లేకపోవడం కంటే ఇది నయమనుకున్నాను.

నాటినవాటిలో దాదాపు సగం పోయాయి. మిగిలిన సగం పాకింది. డిసెంబరుకి థైమ్ ఊదారంగు పూలతో రాళ్ళమీద నుంచి కిందికి జారింది, సీడమ్ పసుపుపచ్చగా విచ్చుకుంది. షాపు గోడంత అందంగా లేదు. అక్కడక్కడా రాయి కనిపిస్తూనే ఉంది. మట్టి కారడం మాత్రం ఆగింది. గోడ అంగుళం కదల్లేదు.

ఆ క్రిస్మస్ ప్రార్థన కూటానికి నన్ను పిలిచారు. నర్సమ్మాయి రాత్రి డ్యూటీ చేసి వచ్చి బిర్యానీ వండింది. వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద కూచుని, టీ కప్పు పట్టుకుని, బయటికి చూస్తూ అలాగే కునికిపాట్లు పడుతోంది. లేపకుండా నేను ప్లేటు తీసుకుని వెనక డెక్ అనే చెక్క అరుగు మీదికి వచ్చాను.

పెరట్లో వాళ్ళాయన అతిథులకు గోడ చూపిస్తున్నాడు. చుట్టూ చర్చివాళ్ళు, ఆయన ఆఫీసువాళ్ళు. థైమ్‌ని సీడమ్ అనీ, సీడమ్‌ని లావెండర్ అనీ చెబుతున్నాడు. "చాలామంది సిమెంట్ పూసేయమన్నారండీ. నేను ఒప్పుకోలేదు. వాటర్ ప్రెషర్ ఉంటుంది కదా, గోడ ఊపిరి పీల్చుకోవాలి. చాలా రీసెర్చ్ చేసి ఒక్కొక్క మొక్కా సెలెక్ట్ చేశాను" అంటున్నాడు. నన్ను చూసి కొంచెం తడబడ్డాడు. నేను బిర్యానీ చాలా బావుందని సైగ చేశాను. మళ్ళీ అందుకున్నాడు.

నా పక్కన కొత్తగా దిగిన కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చి నెలైనా అయినట్టు లేదు. మర్యాదగా నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మీరేం చేస్తుంటారాంటీ?" అని అడిగాడు.

"గార్డెన్ సెంటర్‌లో బస్తాలు మోస్తాను బాబూ" అన్నాను.

వాడి మొహంలో జాలి కనిపించింది. నన్నెలా ప్రోత్సహించాలా అని ఒక్క క్షణం వెతుక్కున్నాడు. తర్వాత గోడ వైపు చూపించి, చాలా సౌమ్యంగా, "ఏం పర్లేదాంటీ. మీరూ కొంచెం ఇంట్రెస్ట్ పెట్టి అన్నని అడిగి మొక్కల గురించి నేర్చుకోండి. అదే ఫీల్డ్‌లో ఉన్నారు కదా, ఫ్యూచర్ ఉంటుంది" అన్నాడు.

అలాగే నాన్నా, తప్పకుండా నేర్చుకుంటాను అని, ఇంకొంచెం రైతా వేసుకున్నాను.